ఫొటోలు మెమరీ కార్డులోకి వెళ్లాలంటే?

ప్రశ్న: ఆండ్రాయిడ్ ఫోన్‌లో 128 జీబీ మెమరీ కార్డు వేశాను. అయినా వాట్సాప్ ఫొటోలు, వీడియోలతో ఫోన్ మెమరీయే నిండిపోతోంది. అవి నేరుగా కార్డులో సేవ్ అయ్యేలా చేయొచ్చా?

జవాబు: వాట్సాప్‌లో ఆ సదుపాయం లేదండి. వచ్చినవన్నీ ఫోన్ సొంత మెమరీలోకే చేరతాయి. కెమెరాకైతే చాలా ఫోన్లలో వీలుంది. కెమెరా సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ లొకేషన్’ దగ్గర ‘ఎస్‌డీ కార్డ్’ ఎంచుకుంటే ఇకమీదట తీసేవి అందులోకి వెళ్తాయి. పాతవి మాత్రం మీరే మార్చుకోవాలి.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’లోకి వెళ్లి ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. మీరు నొక్కినవే దిగుతాయి. ఇప్పటికే ఉన్నవాటిని ఫైల్స్ యాప్‌తో కార్డులోకి తరలించొచ్చు. అప్పుడవి గ్యాలరీలో కనిపిస్తాయి గానీ చాట్‌లో తెరుచుకోవు. కార్డులూ పాడవుతుంటాయి కాబట్టి పెళ్లి వీడియోల్లాంటి వాటికి మరోచోట కూడా కాపీ ఉంచుకోండి.