ఆకు గొఱికి పూవును బిలుచుట

పూవు విచ్చిన పిదప తేనెటీగ వచ్చునని మనమందఱము నెఱుగుదుము. అది మకరందమును, పుప్పొడిని గైకొని, యొక పూవు పుప్పొడిని వేఱొక పూవునకు జేర్చి కాయ పట్టుటకు దోడ్పడును. కాని పూవే లేనినా డీగ యేమి చేయును? ఊరక కాచుకొని యుండునా?

శీతలదేశములయందు బంబుల్ ఈగ యను జాతి కలదు. అది మన తేనెటీగకంటె లావై, యొడలెల్ల నూగుతో నిండి యుండును. చలికాలము గడచినంతనే రాణియీగ యొంటరిగా మేల్కని గూడు కట్టి పిల్లలను బెంచవలెను. పిల్లపురుగులకు మాంసకృత్తుల నొసగునది పుప్పొడియే. అప్పుడు పూత యాలస్యమైన యెడల గూడు క్షీణించును.

స్విట్జర్లండునందలి జూరిచ్ నగరమున గొందఱు శాస్త్రజ్ఞులు, ఈ యీగలు పూయని మొక్కల యాకులకు దొండముతోడను దవడలతోడను జిన్న రంధ్రములు చేయుట గనిరి. అవి యాకును దినుటయు లేదు, గూటికి గొనిపోవుటయు గానరాలేదు. మఱి యీ పని యేల? పుప్పొడి లేక యలమటించు నీగలు, తృప్తిగా దిన్నవానికంటె మిక్కిలి హెచ్చుగా నాకులను గొఱికెను. ఈగలు గొఱికిన నల్లయావమొక్కలు, గొఱకనివానికంటె సుమారు 16 దినములు ముందుగా బూచెను; టొమాటో మొక్కలు 30 దినములు ముందుగా బూచెను. ఈ ఫలితములు 2020వ సంవత్సరమున బ్రకటింపబడినవి.

గాయమే కారణమేమో యని వారు తామే పనిముట్టులతో నట్టి రంధ్రములు చేసి చూచిరి. ఆ మొక్కలు కొంత ముందుగా బూచెను గాని, యీగలు గొఱికినవానికంటె ఆవమొక్కలు 8 దినములును, టొమాటోలు 25 దినములును వెనుకబడెను. కావున నీగకాటునందు గాయమునకు మించిన దేదియో కలదని యూహింపవలసి యున్నది. అది యేమో, పొలములయందు గూళ్ళ కెంత మేలు చేయునో యింకను దేలవలసి యున్నది.

చదువరులారా, రంధ్రములు పడిన యాకును జూచినతోడనే చీడయని నిశ్చయించి మందు చల్లుట మన యలవాటు. ఋతువులు గతి తప్పుచున్న యీ దినములలో, పూతకై యాకును దట్టి పిలిచిన మిత్రునే మనము శత్రువని చంపుదు మేమో! కంటికి హానిగా దోచినదానిని బరీక్షింపక దండించుట వివేకము గాదు. మొదట నడుగుదము, పిదప దీర్పు చెప్పుదము.