పొగలోని బొగ్గుపులుసు వాయువును పట్టుట

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో వరి పండించు ఇండ్లయందు యూరియా సంచి నెఱుగని పిల్లలుండరు. ఆ తెల్లని గుళికలు అమ్మోనియాను, బొగ్గుపులుసు వాయువును కలిపి చేయబడినవి. కార్బన్ డయాక్సైడు అని పాఠములలో మనము చదువు వాయు విదియే. పొగగొట్టములనుండి వెలువడి భూమిని వేడెక్కించుచున్నదియు నిదియే. దీనిని పొగనుండి వేఱుచేయు విధమును, అందలి కష్టమును ఇచట విచారింతము.

సున్నపుతేటలోనికి గొట్టముతో ఊదినయెడల తేట తెల్లబాఱును. మన యూపిరిలోని బొగ్గుపులుసు వాయువు సున్నముతో కలిసి తెల్లని పొడి యగుటయే యిందులకు కారణము. కాని యీ పట్టు మిక్కిలి గట్టిది. ఆ పొడినుండి వాయువును మరల రాబట్టవలెనన్న సుమారు 900 డిగ్రీల వేడిమిలో కాల్చవలెను. కావున చల్లగా నున్నప్పుడు పట్టి, కొంత కాచినంతనే విడుచు ద్రావకము కావలసివచ్చెను. అట్టివి అమీనులు. వీనితో వాయువులను శుద్ధిచేయు పద్ధతికి అమెరికాలో బాటమ్స్ అను నతడు 1930లో పేటెంటు పొందెను.

పని జరుగు తీరిట్టిది. చల్లార్చిన పొగ మొదటి గోపురములో క్రిందినుండి పైకి పోవును. ద్రావకము పైనుండి జల్లుగా దిగును. సుమారు 40 డిగ్రీలయొద్ద ద్రావకము వాయువును పట్టుకొనును. రెండవ గోపురములో సుమారు 120 డిగ్రీలకు కాచగా దానిని విడుచును. పిమ్మట ద్రావకమును చల్లార్చి మరల మొదటి గోపురమునకు పంపుదురు.

ఇట్టి యంత్రము తెలుగునాటనే నెలకొల్పబడినది. కాకినాడలోని నాగార్జున ఎరువుల కర్మాగారమున, జపానుదేశపు మిత్సుబిషి సంస్థవారి పద్ధతిచొప్పున, 2009లో అది పనిలోనికి వచ్చెను. సహజవాయువును మండించు కొలిమి పొగనుండి దినమునకు 450 టన్నుల బొగ్గుపులుసు వాయువును పట్టి యూరియా తయారీకి అందించుటకై దానిని కట్టిరి.

చిన్న గ్యాసు టర్బైను పొగను శుద్ధిచేయుట యింతకంటెను కష్టము. టర్బైను మిక్కిలి గాలిని పీల్చుటచే దాని పొగలో బొగ్గుపులుసు వాయువు నూటికి 3, 4 పాళ్లే యుండును. బొగ్గు పొగలో 12 మొదలు 14 పాళ్లుండును. కావున అంతే వాయువును పొందుటకు మూడు నాలుగు రెట్లు పొగను కడుగవలెను. పొగలో మిగిలిన ప్రాణవాయువు ద్రావకమును చెఱచును. సాధారణమైన అమీనునుండి ఒక టన్ను వాయువును విడిపించుటకు, సుమారు ఒకటిన్నర టన్నుల నీటిని ఆవిరిచేయునంత వేడిమి కావలెను. యంత్రము చిన్నదైనంతమాత్రమున ఖర్చు అదే పాటున తగ్గదు. అయినను అమెరికాలోని బెల్లింగ్‌హామ్‌లో 1991 మొదలు 2005 వఱకు టర్బైను పొగనుండి యీ వాయువును పట్టిరి. కనుక ఇది అసాధ్యము కాదు.

విద్యార్థులారా! పట్టుట వేఱు, దాచుట వేఱు. పొలమున చల్లిన యూరియా తడి తగిలి విడిపోగానే అందలి బొగ్గుపులుసు వాయువు మరల గాలిలో కలియును. దానిని నిలువ దాచవలెనన్న భూగర్భమునకు పంపవలెను. నార్వేవారు ఉత్తరసముద్రము అడుగున 1996లో ఈ పని కారంభించిరి. కావున ఎచటనైనను పొగను శుద్ధిచేసిరని వినినప్పుడు రెండు ప్రశ్న లడుగుడు: ఎంత వేడిమి ఖర్చయ్యెను? పట్టిన వాయువు ఎచటికి పోయెను?