చేను దాటిపోవు సారము



మనుమడా, పత్తితీత ముగిసినదనియు, మోళ్ళు పీకించి నిప్పు పెట్టించి, రాబోవు ఏడు అదే చేనిలో మిరప వేయదలచితివనియు నీవు వ్రాసిన జాబు చేరినది. నిప్పు పెట్టించుటకు మునుపు ఒక లెక్క చూడుమని నా కోరిక; అది ధరవరల లెక్క గాదు, నీ చేనినుండి ఏ పదార్థము ఎచ్చటికి పోవుచున్నదను లెక్క.

దూది నూటికి తొంబది పాళ్ళకు మించి సెల్యులోజు. అనగా ఆకులు గాలినుండి గ్రహించిన కర్బనమునకు నీరు తోడై సూర్యరశ్మి బలమున ఏర్పడినది గనుక, లోకమంతయు కట్టుకొను ఆ దూది మన రేగడినుండి తీసికొనిపోవునది బహు స్వల్పము. సారము పోవునది గింజలో. నత్రజనియు, భాస్వరమును అందే చేరియుండును. ఇంట ఒంగోలు ఎడ్లున్న కాలమున పత్తిగింజలు నానవేసి రుబ్బి వాటికే పెట్టెడివారము, పేడ మరల చేనికే చేరెడిది. నేడు గింజ నూనెమిల్లుకును, చెక్క ఏ దూరపు పాడికొట్టమునకో పోవుచున్నవి. మిరప సంగతి మరియు గడ్డు. గుంటూరు యార్డునుండి ఎగుమతియగు కాయలతో పొటాషు సముద్రము దాటిపోవుచుండగా, మన దేశమున గనులలో త్రవ్వి తీయని ఆ పొటాషునే విదేశములనుండి కొని తెచ్చుకొనుచున్నాము. ఈ వ్యాపారము నాకెన్నడును వింతగానే తోచును.

నత్రజని చపలము: నైట్రేటై నీటితో జారి బావులలోనికి దిగును, నీరు నిలిచిన రేగడిలో వాయువై ఎగిరిపోవును. భాస్వరమో, మన నేలలోని సున్నముతో బంధింపబడి కదలదు. కావున భూసారపరీక్ష లేకుండ డి.ఎ.పి. బస్తాలు గ్రుమ్మరింపకుము, భాస్వరము మితిమీరినచో మొక్కకు జింకు అందదు.

మోళ్ళు కాల్చినచో కర్బనము, నత్రజని, గంధకము పొగలో పోవును. బూడిదలో పొటాషు మిగులునుగాని, వేసవి సుడిగాలికి అదియు పొరుగువాని పాలు. అట్లని వాటిని చేనిలో నిలువున వదలుమనను. గులాబీరంగు పురుగు వాటికి మిగిలిన ఎండుకాయలలో దాగి మరుపంటకు కాచుకొనియుండును. ష్రెడ్డరుతో ముక్కలు చేయించి వెంటనే దుక్కిలో కలిపింపుము. గట్టికట్టె కుళ్ళునపుడు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని కొంతకాలము తామే వాడుకొనును గనుక, తొలకరికి జనుమో పిల్లిపెసరయో చల్లి, పూత పట్టగనే కలియదున్నించినచో, వాటి వేరుబుడిపెలు గాలినుండి పట్టిన నత్రజని ఆ లోటు తీర్చును. మిరపనాటుకు అప్పటికి వ్యవధి యుండనే యుండును.

ఇక గొఱ్ఱెలమంద. వినుకొండ, మార్కాపురము ప్రాంతముల కొండపోరంబోకులలో పగలెల్ల మేసిన జీవములు రాత్రి చేనిలో విడిసినచో, ఆ కొండల సారము నాలుగు కాళ్ళపై నడచివచ్చి పెంటికయు మూత్రమునై నేలలో పడును. (మనకు లాభమైనది కొండకు నష్టమే, ఆ కొండలు ఊరకే బోడివి కాలేదు.) చెరువుమన్ను రేగడికి అంతగా వలదుగాని మెరకమీది ఎఱ్ఱచేనికి తప్పక తోలింపుము, ఏటేట వానలకు మన చేల పైమట్టియే ఆ చెరువులోనికి కొట్టుకొనిపోయి చేరినది.

మంద కట్టించుకొనువారు ఊరిలో పలువురుందురు. కాపరికి ఈ వారముననే మాట చెప్పి బయానా యిచ్చిరమ్ము.