మండలదీక్ష ముగిసిన మరునాడు

పూర్వము నల్లగొండ జిల్లాలో ఉండి, 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన యాదగిరిగుట్టకు తరతరములుగా వచ్చు భక్తులలో ఒక ప్రత్యేకమైన వర్గము కలదు. వారు దర్శనము చేసికొని సాయంత్రపు బస్సునకు మరలిపోవువారు కారు. దేహమున వ్యాధియో, మనస్సున కలతయో, ఇంట తీరని చిక్కో కలిగి, శ్రీలక్ష్మీనృసింహుని వైద్యనృసింహునిగా నమ్మి, ఒక మండలము, అనగా 40 దినములు, ఆ కొండను ఆశ్రయించి గడపుదుమని మ్రొక్కుకొని వచ్చువారు. వేకువనే లేచుట, స్నానము, ప్రదక్షిణములు, దర్శనము, మితాహారము, నామస్మరణము, వేళకు నిద్ర: ఇదియే వారి దినచర్య. అన్ని దినములు వీలుపడనివారు కొన్ని దినములే ఉందురు గాని క్రమము మాత్రము మారదు.

ఆ దినములలో వారి ముఖమున కానవచ్చు తేటదనమునకు స్వామికృపయే కారణమని భక్తులు చెప్పుదురు. అందు సందేహింపవలసినది లేదు. అయినను ఆ కృప ఏ ద్వారమున లోనికి వచ్చినదో గమనించుట భక్తికి విరోధము కాజాలదు. ఇంట ప్రొద్దెక్కిన పిదప లేచువాడు ఇచ్చట చీకటితోనే లేచుచున్నాడు. ఇంట వీధి చివరకు నడచుటకు బద్ధకించువాడు ఇచ్చట పాదములు నొప్పిపుట్టునంతగా నడచుచున్నాడు. ఇంట నడిరేయి భుజించువాడు ఇచ్చట దీపములు పెట్టిన కొంతసేపటికే తిని నిద్రించుచున్నాడు. అన్నింటికంటె ముఖ్యముగా, తన బాధను దినమునకు నూరుమార్లు తలపోసికొను అలవాటునకు ఇచ్చట తీరిక చిక్కుట లేదు. ఆ తీరికను నామము ఆక్రమించినది. (వైద్యుడు వ్రాసి ఇచ్చిన మందును మానుమని దీని అర్థము కాదు. నియమముతో మెలగువాడు మందును కూడ వేళకు మ్రింగును. అదియు ఒక లాభమే.)

అసలు చిక్కు 41వ దినమున మొదలగును. మిర్యాలగూడలోని ఒక బియ్యపు మిల్లు గుమాస్తాను ఉదాహరణముగా ఊహింపవచ్చును. నలుబది యైదేండ్లవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. కన్ను తెరచుటతోనే చేయి తలగడ ప్రక్కనున్న సెల్‌ఫోనును వెదకును. అందులో మిల్లు యజమాని పంపిన సందేశమో, అప్పు ఇచ్చినవాని హెచ్చరికయో ఉండును. ముఖము కడుగకమునుపే మనస్సు కలతపడును. తేనీరు, దాని వెంట బీడీ. ఆలస్యముగా మిల్లునకు పోవుట, నిన్నటి తూకపు చీటీలు నేటికి మిగులుట, లెక్క తేలక హమాలీలపై కసరుట, రాత్రి పదునొకండు గంటలకు ఇల్లు చేరి ఎవరితోను పలుకక భుజించుట. నిద్ర పట్టదు, రక్తపుపోటు పెరిగినది. ఇల్లాలు పోరగా గుట్టకు వచ్చి మండలము పూర్తిచేసెను. బీడీ మానెను. నిద్ర పట్టినది. తేలికపడిన మనస్సుతో ఇల్లు చేరెను. మరుసటి ఉదయమున అదే మంచము, అదే తలగడ, అదే మూల టీకొట్టు. పది దినములు గడచునప్పటికి పాత మనిషియే తిరిగివచ్చెను. 'స్వామి నన్ను విడిచినాడు' అని అతడు కుమిలిపోవును. ఇట్లు తలచువారు ఎందరో కలరు.

స్వామి విడిచినాడనుట సరికాదు. అలవాటు మనస్సునందు మాత్రమే ఉండునది కాదు. అది చోటునందును, వేళయందును, చేతికందు వస్తువులయందును ఉండును. కొండపై బీడీ మానినవాడు నిజమునకు బీడీని జయింపలేదు. టీకొట్టు మూలనుండి దూరముగా ఉండెను. అమెరికాలోని మనస్తత్త్వశాస్త్రజ్ఞురాలు వెండీ వుడ్, ఆమె సహచరులు 2005లో ప్రకటించిన పరిశీలనము ఈ విషయమునే వెల్లడించినది. ఒక విశ్వవిద్యాలయమును విడిచి మరియొకదానిలో చేరిన విద్యార్థుల వ్యాయామము, వార్తాపత్రిక చదువుట, టెలివిజను చూచుట అను అలవాట్లను వారు పరిశీలించిరి. పరిసరములు మునుపటివలెనే ఉన్నచోట పాత అలవాటు నిలిచినది. పరిసరములు మారినచోట అది సడలినది. తీర్థయాత్రకు పొమ్మని పెద్దలు చెప్పుటలో ఈ మర్మము కూడ ఇమిడియున్నది. అయితే యాత్రనుండి ఇంటికి తిరిగి రావలయును గదా! కావున కొండను ఇంటికి తెచ్చుకొను మార్గము కావలెను.

ఆ మార్గము వైష్ణవులకు క్రొత్తది కాదు. పాంచరాత్రాగమము భక్తుని దినమును ఐదు కాలములుగా విభజించినది: అభిగమనము, ఉపాదానము, ఇజ్య, స్వాధ్యాయము, యోగము. శ్రీవేదాంతదేశికులు శ్రీపాంచరాత్రరక్షయందు ఈ పంచకాలక్రమమును విపులముగా విచారించిరి. దీనిని ఆచార్యపురుషులకు మాత్రమే చెల్లు కఠినవ్రతమని తలచి గృహస్థులు దూరముగా ఉంచుట కలదు. పూర్తిగా ఆచరించుట నేటి ఉద్యోగికి దుర్లభమనుట నిజమే. కాని అందలి కూర్పును గ్రహించుటకు అభ్యంతరమేమున్నది? ఒక పని ముగియుటయే తరువాతి పనికి పిలుపగును. 'ఇప్పుడేమి చేయవలెను? చేయుదునా, మానుదునా?' అను తర్కమునకు దినములో ఎడమే లేదు. మనుష్యుని బలము సగము ఈ తర్కముననే వ్యయమగును.

అభిగమనమనగా లేచినతోడనే భగవంతుని వైపు పోవుట. గుమాస్తా కూడ లేచినతోడనే ఒకదాని వైపు పోవుచునే యున్నాడు, అది సెల్‌ఫోను. అనగా అభిగమనము లేకపోలేదు, దాని దిక్కు మారినది. ఆ వస్తువును రాత్రి తలగడయొద్దగాక వంటింటి గోడ మేకునకు తగిలించిన సంచిలో ఉంచినచో, దానికంటె ముందు దేవుని గూడు ఎదురుపడును. దీపము వెలిగించుటకు పట్టు కాలము రెండు నిమిషములు. ఇంత చిన్న మార్పును చెప్పుటకు ఆగమశాస్త్రమేల అని నవ్వువారు కలరు. చిన్నది గనుకనే అది నిలుచును.

ఇజ్య, స్వాధ్యాయము, యోగము అనువానిని గూర్చి ఈ పాఠకులకు విస్తరింపనక్కరలేదు. ఆరాధనము, సద్గ్రంథపఠనము, నిద్రకుముందు భగవద్ధ్యానము అని వారెరుగుదురు. విశేషముగా చెప్పవలసినది ఉపాదానమును గూర్చియే. ఆరాధనమునకు వలయు ద్రవ్యములను న్యాయమార్గమున సమకూర్చుట ఉపాదానము. పూలు కోయుటయు ఉపాదానమే. గృహస్థుడు కుటుంబమునకును నైవేద్యమునకును ధర్మముగా ధనమార్జించుటయు ఉపాదానమే. చూడుడు, పని ఇచ్చట పూజకు అడ్డువచ్చు వస్తువు కాదు. పూజలో రెండవ అంగము. 'ఉద్యోగము తీరిన పిదప భక్తి' అని వాయిదా వేయువాడు ఎనిమిది పది గంటలను ఊరక పారవేసికొనుచున్నాడు. తూకపు చీటీలో ఒక కిలో ధాన్యము ఎక్కువ తక్కువలు లేకుండ వ్రాయుట, నాటి చీటీని నాడే ఖాతాకెక్కించుట, హమాలీని పేరుపెట్టి పిలుచుట, ఇవియన్నియు ఆ గుమాస్తాకు ఉపాదానాంగములే.

ఇట్లు పని నియమమగుటకు సాక్ష్యము పాలమూరు సీమయందే కలదు. మహబూబ్‌నగర్ జిల్లా చిన్నచింతకుంట మండలమున వెలసిన శ్రీకురుమూర్తిస్వామికి కార్తికమాసమున జాతర జరుగును. అందు ప్రధానమైనది ఉద్దాలోత్సవము. ఉద్దాలనగా స్వామి పాదరక్షలు. వానిని వడ్డెమాను గ్రామమునందలి చర్మకారులు నియమనిష్ఠలతో సిద్ధపరచుదురు. తోలు కోయుట, కుట్టుట వారు పుట్టి పెరిగిన వృత్తియే. చేతికి క్రొత్త పని ఏదియు లేదు. ఎవరికొరకు కుట్టుచున్నారో ఆ తలంపు మారినది. దానితో కుట్టువాని ఆహారము, మాట, వేళ అన్నియు మారినవి. ఊరేగింపుగా వచ్చిన ఆ ఉద్దాలను వేలకొలది భక్తులు శిరస్సునకు తాకించుకొందురు. పాదరక్షను తలపై ధరించి, దానిని కుట్టిన చేతిని మాత్రము ఏడాది పొడుగున దూరముగా నుంచువాని భక్తి ఎట్టిదో ఎవరికి వారే ఆలోచించుకొనవలెను. అదియు మార్చుకొనవలసిన నిత్యపు అలవాట్లలో ఒకటి.

అయితే ఒక హెచ్చరిక అవసరము. పనిని పూజగా భావింపుమని చెప్పుట మంచిదే గాని, పనిలోని కష్టమును సహించుచు ఊరకుండుమని దానికి అర్థము చెప్పరాదు. గుట్టకు సమీపముననే ఉన్న ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబముల చరిత్ర ఇందుకు నిదర్శనము. పోచంపల్లి రీతి పట్టుచీరకు అద్దకమునకు ముందు దారమును ఆసుపోయవలయును. అర్ధచంద్రాకారముగా నాటిన మేకుల చుట్టు, ఎదుటి మేకునుండి మరల వానికి, ఒక చేతితో దారమును త్రిప్పుచు పోవుట ఆసు. ఒక్క చీరకు దాదాపు 9,000 మార్లు ఆ చేయి చాచి ముడువవలయును; నాలుగైదు గంటల పని. తరతరములుగా స్త్రీలే దానిని చేయుచు, భుజముల నొప్పిని ఇంటిపనిలో ఒక భాగముగా ఎంచుచు వచ్చిరి. తల్లి లక్ష్మి పడు బాధను చూచి ఊరకుండలేని చింతకింది మల్లేశము, చదువు అంతగా లేనివాడైనను, సంవత్సరముల తరబడి పరిశ్రమించి 1999లో ఆసుయంత్రమును సాధించెను. దానికి తల్లి పేరే పెట్టెను. గంటల పని ఒకటిన్నర గంటకు తగ్గినది. 2017లో భారతప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నిచ్చి గౌరవించినది. ఆ ఇంట మారిన అలవాటు ఏది? దారము త్రిప్పు అలవాటు మాత్రమే కాదు; అమ్మ భుజము నొప్పి మామూలే యని చూచి ఊరకుండు అలవాటు కూడ మారినది. ఆ తల్లికి తృప్తిని గూర్చి ఉపన్యసించినవాడు భక్తుడనిపించుకొనడు. తనయింట, తన పనిచోట, ఎవరి నొప్పి ఇట్లు మామూలైపోయినదో చూచుట ఉపాదానశుద్ధిలో ఒక భాగము.

ఇక పట్టిన నియమము తప్పినప్పటి మాట. సుఖమునకు అసలు శత్రువు ఇచ్చటనే పొంచియుండును. భగవద్రామానుజులు శ్రీభాష్యమున వాక్యకారుని అనుసరించి ధ్రువమైన భగవత్స్మృతికి ఏడు సాధనములను పేర్కొనిరి: వివేకము, విమోకము, అభ్యాసము, క్రియ, కల్యాణము, అనవసాదము, అనుద్ధర్షము. ఇచ్చట వివేకమనగా ఆహారశుద్ధి. అనగా పట్టిక అన్నముతోనే మొదలగుచున్నది. క్రియను, అనగా పంచమహాయజ్ఞములను, శక్తికొలదియే చేయుమని చెప్పుట కూడ గమనింపదగినది. చివరి రెండును మనస్సు స్థితిని గూర్చినవి. దేశకాలములు అనుకూలింపకపోవుటచేతను, శోకకారణములను మరల మరల తలచుటచేతను మనస్సు వెలుగు కోల్పోయి క్రుంగుట అవసాదము. అది లేకుండుట అనవసాదము. దానికి ఎదురుగా, కొద్దిపాటి విజయమునకే పొంగిపోవుట ఉద్ధర్షము, అదియు తగదు. మండలము ముగించి 'ఇక నేను మారితిని' అని పొంగినవాడే పదియవనాడు 'ఇక నేను మారలేను' అని క్రుంగును. రెండును ఒకే త్రాసునకు రెండు తట్టలు. నిరాశను దురదృష్టముగా గాక, ఆహారనియమమువలె అభ్యాసముచే తొలగింపదగిన వస్తువుగా ఆచార్యులు పరిగణించుట ఎంత ఊరట!

గీత ఆరవ అధ్యాయమున అర్జునుడు కూడ ఈ భయమునే వెలిబుచ్చును: శ్రద్ధతో మొదలుపెట్టి మధ్యలో జారినవాని గతి ఏమి? శుభకార్యము చేసినవానికి దుర్గతి లేదనియు, అతడు పూర్వము సాధించినదానిని తిరిగి పొంది అక్కడినుండి మరల యత్నించుననియు శ్రీకృష్ణుడు ఉత్తరమిచ్చును. అది జన్మాంతరములను గూర్చిన మాట. దినాంతరములకు ఇంకను బాగుగా వర్తించును. లండనులోని యూనివర్సిటీ కాలేజీయందు ఫిలిప్పా లాలీ బృందము 96 మందిని 12 వారములు పరిశీలించినది. మధ్యాహ్నభోజనముతో నీరు త్రాగుట, రాత్రిభోజనమునకు ముందు కొంత పరుగెత్తుట వంటి ఒక్కొక్క క్రొత్త అలవాటును ఒక్కొక్కరు చేపట్టిరి. అప్రయత్నముగా సాగునంతటి స్థితికి సగటున 66 దినములు పట్టునని తేలినది. కొందరికి 18 దినములు చాలగా, మరికొందరికి 254 దినములు కూడ పట్టునని లెక్క వచ్చినది. నడుమ ఒక దినము తప్పుటవలన చెప్పుకొనదగిన హాని కలుగలేదనియు వారు వ్రాసిరి. 40 దినములకు మార్పు పక్వము కాకపోవుట అపచారము కాదన్నమాట. మండలము విత్తనము మొలకెత్తునంతటి కాలము. పైరునకు ఇంకను నీరు పెట్టవలసియుండును.

ఆ గుమాస్తా రెండవ ప్రయత్నమున కొండంత నియమమును నెత్తికెత్తుకొనలేదని అనుకొందము. మూడే మార్పులు చేసికొనెను. సెల్‌ఫోను సంచిలోనికి పోయినది. మిల్లునకు టీకొట్టు మూలనుండిగాక ఆంజనేయుని గుడి వీధినుండి నడచిపోవుచుండెను. దీపము కొండెక్కకముందే ఆనాటి తూకపు చీటీలను ఖాతాకెక్కించి లేచుచుండెను. అందువలన రాత్రి ఎనిమిదింటికి పిల్లలతో కలిసి భోజనము కుదిరినది. వానాకాలపు పంట కోతలు మొదలై ధాన్యపు లారీలు రేయింబవళ్లు బారులు తీరినప్పుడు వరుసగా ఐదు దినములు మూడును తప్పినవి. బీడీ కూడ ఒకటి రెండు మార్లు కాల్చెను. ఆరవనాటి రాత్రి అతడు ఎవరికిని ఏ ప్రతిజ్ఞయు చేయలేదు. ఇంటికి వచ్చి, కాళ్లు కడుగుకొని, సెల్‌ఫోనును మేకునకు తగిలించి పడుకొనెను. తెల్లవారి లేచి దీపపు ప్రమిదలో నూనె చూచెను. ఆ ఐదు దినములును ఇల్లాలు వెలిగించుచునే యుండెను గనుక వత్తి క్రొత్తది వేయవలసిన పని లేకపోయెను.