ట్రైలర్‌తో మన్యం ఘాట్ ఎక్కొచ్చా?

ప్రశ్న: మావారు రిటైరయ్యారు. కారుకు క్యాంపింగ్ ట్రైలర్ తగిలించుకుని డిసెంబర్‌లో నర్సీపట్నం నుంచి లంబసింగి, చింతపల్లి మీదుగా గూడెం కొత్తవీధి వెళ్లాలని మా ఇద్దరి కోరిక. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా. ఘాట్ మాత్రం పగలే ఎక్కండి, పగలే దిగండి. దిగేటప్పుడు ట్రైలర్ బరువు కారును వెనక నుంచి నెడుతుంది. అదేపనిగా బ్రేకు తొక్కితే వేడెక్కి పట్టు తప్పుతుంది. ఎక్కిన గేరులోనే దిగండి.

లంబసింగి సుమారు 1,000 మీటర్ల ఎత్తులో ఉంది. తెల్లవారుజామున వేళ్లు కొంకర్లు పోయే చలి. అయినా ట్రైలర్‌లో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు మూయొద్దు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. రగ్గులు, ఉన్ని టోపీలే మేలు. ఏ గూడెం పక్కన ఆగినా ముందుగా ఊరిపెద్దను అడగండి.