‘కంటె’ చేయు పని

సేలము జిల్లానుండి ధర్మపురి 1965లో విడివడినది. ధర్మపురినుండి కృష్ణగిరి 2004లో వేరయినది. ఈ మూడు జిల్లాలను పోల్చవలెనన్న మనమేమందుము? “ధర్మపురి కృష్ణగిరికంటె పాతది. సేలము అన్నిటికంటె పాతది.” రెండు వాక్యములలోను ‘పాత’ అను విశేషణము ఉన్నది ఉన్నట్లే నిలిచినది. పోలిక భారమంతయు ‘కంటె’ మోసినది.

అన్ని భాషలును ఇట్లు చేయవు. ఐరోపాలోని చెక్ భాషలో ‘స్తరీ’ అనగా పాత. ఒకదానికంటె పాతదయినచో ‘స్తర్షీ’, అన్నిటికంటె పాతదయినచో ‘నెయ్‌స్తర్షీ’. విశేషణమే రూపము మార్చుకొనును. ‘మంచి’ అను అర్థముగల ‘దొబ్రీ’ మరింత చిత్రమైనది. అది ‘లెప్షీ’, ‘నెయ్‌లెప్షీ’ అగును. గుడ్, బెటర్, బెస్ట్ అని వల్లించిన విద్యార్థులకు ఇది వింతగా తోచదు. మన ‘కంటె’ వంటి మాట వారికిని కలదు. అది ‘నెష్’. కాని అది పోల్చబడు వస్తువునకు ముందు వచ్చును; మనది వెనుక వచ్చును.

ఇంగ్లీషు పుస్తకములోని మూడు రూపములను చూచి, తెలుగున అవి లేవే యని పిల్లలు చిన్నబుచ్చుకొన నక్కరలేదు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణములో ‘కంటె’ను పంచమీ విభక్తి ప్రత్యయములలో చేర్చెను. పోలికను మనము విభక్తితో చెప్పుచున్నామన్నమాట. సంస్కృతమునుండి వచ్చిన ‘గురుతరము’, ‘ఉత్తమము’ వంటివి మాత్రము వేరు. ‘ఉత్తమము’లోనే అన్నిటికంటె మేలైనదను అర్థము ఇమిడియున్నది. ‘అత్యుత్తమము’ అనుట అందుచే అధికమే యైనను, వాడుకలో స్థిరపడిన మాటను మేము తప్పుపట్టము.

మన ప్రాంతపు పిల్లలు జాగ్రత్త పడవలసిన చోటు ఇంకొకటి కలదు. తమిళమున ‘ఎన్నైవిడ’ అందురు. ‘ఎన్నై’ అనగా నన్ను. ఆ అలవాటున ‘నన్నుకంటె’ అనరాదు; ‘నాకంటె’ అనవలెను. ‘కంటె’కు బదులు ‘కన్న’ వాడినచో ఈ భేదము మరింత ముఖ్యము. ‘నాకన్న పెద్దది’ అక్క. ‘నన్ను కన్నది’ అమ్మ!

తల్లిదండ్రులు రాత్రి భోజనమువేళ పిల్లలచేత ఇట్టి వాక్యములు పది చెప్పింపవచ్చును: అన్న నాకంటె పొడుగు, నిన్నటి చారుకంటె నేటి చారు పులుపు. వంటచేసినవారు కోపగింపకున్న చాలును.