లైబ్రరీ లాగిన్: కొత్త లెక్చరర్లకు నాలుగు మాటలు

కొత్తగా లెక్చరర్‌గా చేరినవాళ్లు గుర్తింపు కార్డు వెంటనే అడిగి తీసుకుంటారు. లైబ్రరీ లాగిన్ సంగతి ఏడాది గడిచినా చాలామందికి గుర్తురాదు. కాలేజీ లైబ్రేరియన్‌గా నేను చెప్పేది ఒకటే: చేరిన వారంలోనే ఆ లాగిన్ తీసుకోండి, తీసుకున్నాక ఇంటి తాళంచెవిలా కాపాడుకోండి.

దాని విలువ చిన్నది కాదు. ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి కేంద్రం 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నల్స్ 6,300కు పైగా ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతున్నాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ దీన్ని సమన్వయం చేస్తోంది. ఇంటి నుంచి చదవాలంటే ఇన్‌ఫెడ్ అనే లాగిన్ ఏర్పాటు ఉంది. జర్నల్ సైట్‌లో మీ సంస్థ పేరు ఎంచుకుంటే లాగిన్ పేజీ వేరుగా తెరుచుకుంటుంది. మీ పాస్‌వర్డ్ ప్రచురణకర్తకు చేరదు, ‘వీరు మా సంస్థవారే’ అన్న భరోసా మాత్రమే చేరుతుంది.

ఆ భరోసా ఒక్కరు చెడగొడితే అందరికీ నష్టం. నేను పనిచేసిన ఒకచోట ఒక పరిశోధక విద్యార్థి రాత్రికి రాత్రే ఒక జర్నల్ పాత సంచికలన్నీ సాఫ్ట్‌వేర్ పెట్టి దించేశాడు. పొద్దున్నే సెమినార్ ఉన్న ఎమ్మెస్సీ అమ్మాయి నా పక్కనే కూర్చుని ఏ వ్యాసం నొక్కినా ‘అనుమతి లేదు’ అనే వచ్చింది. క్యాంపస్ మొత్తానికి ఆ జర్నల్ ఆపేశారు. 2010లో అమెరికాలోని ఎంఐటీకి కూడా, ఇలాంటి మూకుమ్మడి డౌన్‌లోడ్ల వల్లే, జేస్టోర్ అనే జర్నల్ సైట్ కొన్ని రోజులు దారి మూసేసింది.

అందుకే ఇవి పాటించండి:

1. చదవబోయే వ్యాసాలే దించుకోండి. డౌన్‌లోడర్ సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లొద్దు.

2. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి, ఎంత దగ్గరి స్నేహితులైనా సరే. వారికీ అర్హత ఉంటే సొంత లాగిన్ వస్తుంది.

3. క్లాసు వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్ బదులు వ్యాసం లింకు పెట్టండి. విద్యార్థులు తమ లాగిన్‌తో తెరవడం నేర్చుకుంటారు.

4. ల్యాబ్ కంప్యూటర్ దగ్గర నుంచి లేచేముందు లాగౌట్ అవ్వండి, బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ సేవ్ చేయకండి.

కావలసిన వ్యాసం దొరకకపోతే అడ్డదారి సైట్లు వెతక్కండి. లైబ్రేరియన్‌ని అడగండి, వేరే లైబ్రరీ నుంచి తెప్పించే వీలుంటుంది. సిద్ధాంత గ్రంథాలైతే శోధ్‌గంగ అనే సైట్‌లో లాగిన్ లేకుండానే చదవొచ్చు.

పొరపాటున ఎక్కువ దించేసినా దాచకండి. ఆ రోజే వచ్చి చెబితే, రేపటి సెమినార్ ఉన్న పిల్లలకు తలుపు మూతపడకముందే మేం ప్రచురణకర్తతో మాట్లాడగలం.